గుమ్మటం నుంచి గుమ్మం దాకా

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలాయి. ఒకటి 107 నంబరు బస్టాపు దగ్గర, రెండోది ఏ-1 మిర్చి సెంటర్ దగ్గర. 18 మంది చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. ఉద్యోగాల కోసం, కోచింగుల కోసం జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్న పిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు. ఆ కేసును చర్లపల్లి జైలు ఆవరణలో ఏర్పాటు చేసిన ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు విచారించింది. 150 మందికి పైగా సాక్షులు అక్కడికి వెళ్లి వాంగ్మూలం ఇచ్చారు. 2016 డిసెంబరులో అయిదుగురికి ఉరిశిక్ష పడింది. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు ఆ శిక్షను ఖరారు చేసింది. పేలుడుకూ హైకోర్టు తీర్పుకూ మధ్య పన్నెండేళ్లు గడిచాయి.

ఈ పన్నెండేళ్లలో రాష్ట్రం రెండయింది, హైకోర్టు పేరు రెండుసార్లు మారింది, హైకోర్టు కూడా రెండయింది, రంగారెడ్డి జిల్లా మూడు ముక్కలయింది. కాలికి గాయమై ఊతకర్రతో నడిచే మనిషికి ఇవేవీ పట్టవు. తన కేసు ఎక్కడ నడుస్తోంది, ఎంత దూరం, అక్కడ మాట్లాడేది తనకు అర్థమవుతుందా అన్నవే అతనికి కావాలి. తెలంగాణలో కోర్టుల చరిత్రను చాలామంది రాశారు. ఆ రాతల్లో ఎక్కువ భాగం నయాపూల్ దగ్గరి ఎర్రరాతి హైకోర్టు భవనం చుట్టే తిరుగుతుంది. అదే చరిత్రను రంగారెడ్డి జిల్లా కోర్టులున్న ఎల్బీనగర్ వైపు నుంచి చూస్తే పాలకుడికి దగ్గరగా పుట్టిన న్యాయస్థానం జనానికి దగ్గర కావడానికి ఎంత కాలం పట్టిందో కనబడుతుంది.

ముందు ఆ భవనం సంగతి చెప్పుకోవాలి, దాన్ని పక్కన పెట్టి ఈ కథ చెప్పలేం. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలమంది కొట్టుకుపోయారు. నగరాన్ని మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు, నది ఒడ్డున కొత్త కట్టడాలు ఆ సంకల్పం నుంచి వచ్చినవే. 1915 ఏప్రిల్‌లో హైకోర్టు పని మొదలై 1919లో పూర్తయింది. 1920 ఏప్రిల్ 20న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించాడు. నమూనా జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్‌ది. విన్సెంట్ ఎష్ అనే ఆంగ్లేయ వాస్తుశిల్పి దాన్ని తీర్చిదిద్దాడు. కాచిగూడ స్టేషను, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి కూడా ఆయన చేతి పనులే. నదికి దక్షిణపు ఒడ్డున కోర్టు, ఉత్తరపు ఒడ్డున ఆసుపత్రి. వరదలో సర్వం పోగొట్టుకున్న నగరం ముందుగా కోరుకున్న వాటిలో ఈ రెండూ ఉండటం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. ఎర్ర ఇసుకరాయి, గ్రానైటు, ఎత్తయిన తోరణం, ఉల్లిగడ్డ ఆకారంలో గుమ్మటాలు. 1937లో నిజాం రజతోత్సవాలకు ఈ భవనం నమూనాను వెండితో చేయించి, వెండి తాళంచెవితో సహా కానుకగా ఇచ్చారు. అది ఇప్పటికీ పురానీ హవేలీ మ్యూజియంలో ఉంది. 2009 ఆగస్టు 31న భవనంలో మంటలు లేచి గ్రంథాలయం కాలిపోయినప్పుడు ఆ వార్త విని చాలామంది సొంత ఇల్లు కాలినంతగా బాధపడ్డారు.

అయితే రాజ్యమంతటికీ ఒకే న్యాయం ఆ గుమ్మటం కింద దొరికేదనుకుంటే పొరపాటు. నిజాం రాజ్యంలో పాయెగాలకు, జాగీర్లకు, సంస్థానాలకు వేరే న్యాయాధికారాలు ఉండేవి. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి మూడు దశాబ్దాల పాటు దివానుగా ఉండి జిల్లాలను ఏర్పరిచి, వాటికి కోర్టులను, పై కోర్టులను ఒక వరుసలో పెట్టే పని మొదలుపెట్టాడు. ఆ వరుస దివానీ ఇలాకాలోనే సాగింది. నగరం చుట్టూ ఉన్న భూముల్లో చాలా భాగం నిజాం సొంత ఆస్తి. వాటిని సర్ఫెఖాస్ అనేవారు, వాటికి పరిపాలన వేరు. ఇప్పటి రంగారెడ్డి జిల్లాలో ఎక్కువ భాగం అత్రాఫ్-ఎ-బల్దా అనే ఆ పాత సర్ఫెఖాస్ జిల్లా నుంచి వచ్చిందే. ఎల్బీనగర్ కోర్టులో ఈనాటికీ తెగని తగాదాలకు వేరు ఇక్కడే ఉంది.

ఇంకో చిత్రం కూడా ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదుగా కోఠి వెళ్లే దారిలో, ఒకప్పుడు చట్టమే మారిపోయేది. రెసిడెన్సీ చుట్టూ ఉన్న సుల్తాన్‌బజారు ప్రాంతం 1933 దాకా బ్రిటిషు రెసిడెంటు అధికారం కింద ఉండేది. అక్కడి కోర్టు వేరు, పోలీసు వేరు. నిజాం ఇలాకాలో సభ పెట్టాలంటే అనుమతి కావాలి. సుల్తాన్‌బజారులో కొంత ఊపిరి ఆడేది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఆ ఆవరణలోనే పుట్టడం యాదృచ్ఛికం కాదని నేననుకుంటాను. తెలుగువాళ్లు ఒక గ్రంథాలయం పెట్టుకోవడానికి కూడా ఎవరి న్యాయాధికారం ఎక్కడిదాకా ఉందో చూసుకోవాల్సి వచ్చింది.

నిజాం ప్రభుత్వానికి రావాల్సిన మెప్పు మాత్రం ఇవ్వాలి. 1921లోనే ఆ రాజ్యంలో న్యాయశాఖను పరిపాలన నుంచి వేరు చేశారు. అదే సమయంలో బ్రిటిషు ఇండియాలో కలెక్టరే పన్ను వసూలు చేసేవాడు, అతని కింది అధికారులే శిక్షలు వేసేవాళ్లు. స్వతంత్ర భారతం ఈ విభజనను దేశమంతటా పూర్తి చేయడానికి 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దాకా ఆగాల్సి వచ్చింది. ఒక రాచరికం ఈ పని ముందు చేసిందంటే ఆశ్చర్యమే. రాజు ఫర్మానాతో ఇచ్చినదాన్ని రాజు ఫర్మానాతో తీసేయగలడు కదా అనవచ్చు. అది నిజమే. అయినా ఆ విభజన ఒక అలవాటును నాటింది, ఒక వకీళ్ల తరాన్ని తయారు చేసింది.

ఆ తరం గురించి కొంచెం ఆగి చెప్పాలి. హైదరాబాద్ కోర్టుల్లో మొదట పారసీ, 1880ల నుంచి ఉర్దూ. రాజ్యంలో సగం మంది దాకా మాట్లాడే తెలుగుకు పై కోర్టులో చోటు లేదు. రోజూ ఉర్దూలో వాదించి బతికిన తెలుగు వకీళ్లు సాయంత్రాలు తెలుగు కోసం పనిచేశారు. 1921 నవంబరులో వివేకవర్ధని ఆవరణలో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి కూర్చోబెట్టారు. ఇంగ్లీషుకు, ఉర్దూకు, మరాఠీకి లేని అడ్డు తెలుగుకు వచ్చింది. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు ఆ ఉద్యమంలో ముందు నిలిచారు. ముగ్గురూ న్యాయశాస్త్రం చదివినవాళ్లే. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఆంధ్ర మహాసభకు కొండా వెంకట రంగారెడ్డి అధ్యక్షుడు. ఆయనా వకీలే. 1978 ఆగస్టు 15న హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రామీణ ప్రాంతాలను కలిపి కొత్త జిల్లా ఏర్పరిచినప్పుడు దానికి ఆయన పేరే పెట్టారు. ఎల్బీనగర్ కోర్టు బోర్డు మీద కనబడే రంగారెడ్డి ఆయనే. తెలుగు కోసం నిలబడిన వకీలు పేరున్న జిల్లాలో కక్షిదారుకు తన తీర్పు ఇంగ్లీషులో అందడం నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. ఆ విషయానికి మళ్లీ వస్తాను.

1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత కోర్టుల చరిత్రలో ఒక చీకటి సందు ఉంది. సాయుధ పోరాటంలో పట్టుబడిన తెలంగాణ రైతులను ప్రత్యేక ట్రిబ్యునళ్లు విచారించి కొందరికి మరణశిక్ష వేశాయి. 1949 డిసెంబరులో హైదరాబాద్ హైకోర్టు ఆ శిక్షలను ఖాయం చేసింది. నెలన్నర తిరగకుండానే, 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది, సుప్రీంకోర్టు ఏర్పడింది. బ్రిటిషు ఇండియాలో అయితే హైకోర్టు పైన లండన్ ప్రీవీ కౌన్సిల్ ఉండేది. హైదరాబాద్‌కు అది వర్తించదు. ఇక్కడి జుడీషియల్ కమిటీ వద్ద అప్పటికే పెండింగులో ఉన్న కేసులు మాత్రమే సుప్రీంకోర్టుకు బదిలీ అయ్యాయి. ఈ రైతుల కేసులు ఎక్కడా పెండింగులో లేవు. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే న్యాయవాది వచ్చి సుప్రీంకోర్టులో వాదించాడు. జనార్దన్ రెడ్డి వర్సెస్ స్టేట్ ఆఫ్ హైదరాబాద్ అనే ఆ కేసులో కోర్టు తన చేతులు కట్టేసి ఉన్నాయంది: హైకోర్టు తీర్పు వచ్చిన రోజున రాజ్యాంగం లేదు కాబట్టి అప్పీలు హక్కూ లేదు. ఆ తర్వాత దేశమంతా సాగిన ఆందోళన వల్ల ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయి. మనుషుల ప్రాణాలు వాళ్లు చేసిన పని మీద కాక తీర్పు తారీఖు మీద ఆధారపడిన సందర్భం అది. కోర్టుల చరిత్ర రాసేవాళ్లు గుమ్మటాల ఎత్తు చెప్పి ఈ కేసును వదిలేస్తే ఆ చరిత్ర అసంపూర్ణం.

ఇక హైకోర్టు ప్రయాణాలు. వీటిని త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే పత్రికలు వీటి గురించి ఇప్పటికే చాలా రాశాయి. 1937 శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని ఒకచోట, హైకోర్టు ఒకచోట ఉండాలన్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయ్యాక, 1954 జులై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది. ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. 1956లో రెండు ప్రాంతాలూ కలిశాక ఆ కోర్టు హైదరాబాద్ వచ్చి మూసీ ఒడ్డున సర్దుకుంది. 2014లో రాష్ట్రం విడిపోయినా హైకోర్టు ఉమ్మడిగానే మిగిలింది. విభజన కోసం తెలంగాణ న్యాయవాదులు ఆందోళనలు చేశారు. 2016 జూన్‌లో ఏకంగా న్యాయాధికారులే రోడ్డెక్కారు, 11 మంది సస్పెండయ్యారు. తర్వాత ఆ సస్పెన్షన్లు ఎత్తివేశారు. చివరికి 2019 జనవరి 1న రెండు హైకోర్టులు వేరుపడ్డాయి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మొదట విజయవాడలో, తర్వాత అమరావతి నేలపాడులో కుదురుకుంది. కర్నూలు బెంచి అడుగుతూనే ఉంది. తెలంగాణ హైకోర్టు 2021లో 42 మంది న్యాయమూర్తుల స్థాయికి పెరిగింది. అదే ఏడాది హిమా కోహ్లీ ఇక్కడ తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 2024 మార్చి 27న రాజేంద్రనగర్ దగ్గర 100 ఎకరాల్లో కొత్త హైకోర్టుకు శంకుస్థాపన జరిగింది. వ్యవసాయ విశ్వవిద్యాలయం భూమి ఇవ్వడాన్ని విద్యార్థులు వ్యతిరేకించారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది.

ఈ తిరుగుళ్లన్నీ పై కోర్టువి. కింది కోర్టు సంగతి ఎవరూ ఇంత పట్టించుకోలేదు. రంగారెడ్డి జిల్లా పుట్టినప్పటి నుంచి దానికి తన హద్దుల్లో ముఖ్యపట్టణం లేదు. కలెక్టరేటు లక్డీకాపూల్‌లో, అంటే హైదరాబాద్ జిల్లాలో ఉండేది. 2022లో కొంగరకలాన్‌కు మారింది. కోర్టులు మాత్రం ఎల్బీనగర్‌లో ఉన్నాయి. ఒకప్పుడు ఆ జిల్లా మేడ్చల్, కూకట్‌పల్లి నుంచి వికారాబాద్, తాండూరు దాకా నగరాన్ని చుట్టుకొని ఉండేది. తాండూరు నుంచి వచ్చే మనిషి నగరం మొత్తం దాటితే గానీ తూర్పు అంచున ఉన్న జిల్లా కోర్టుకు చేరడు. 2016లో జిల్లా మూడు ముక్కలైనా కోర్టులు వెంటనే విడిపోలేదు. 2022 జూన్ 2న కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు వచ్చాయి. నా దృష్టిలో తెలంగాణ న్యాయచరిత్రలో అది పెద్ద మలుపు. హైకోర్టు విభజనకు దొరికిన పతాక శీర్షికల్లో పదో వంతు కూడా దానికి దొరకలేదు. ఒక ముసలావిడ భరణం కేసుకు రెండు బస్సులు మారడం తప్పిందంటే ఆ మేలు చిన్నది కాదు.

2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. పదిన్నరకు కోర్టు కూర్చునే వేళకు ముందే ఆవరణ నిండిపోతుంది. టైపు మిషన్ల స్థానంలో కంప్యూటర్లు, జిరాక్స్ మిషన్లు వచ్చాయి గానీ స్టాంపు కాగితాలు, నోటరీ ముద్రలు, వకాలత్ ఫారాలు అలాగే ఉన్నాయి. నల్లకోటు వేసుకున్న జూనియర్ చంకలో అయిదారు ఫైళ్లు పెట్టుకొని ఒక హాలు నుంచి ఇంకో హాలుకు పరుగెడుతుంటాడు. కోర్టు హాలు బయట అటెండరు పేర్లు పిలుస్తాడు. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే ముద్దాయికి వారెంటు, ఫిర్యాదికి డిస్మిస్. అందుకే మూత్రానికి వెళ్లడానికి కూడా భయపడుతూ గోడ పక్కన నిలబడే మనుషులుంటారు. పిలుపు వినబడుతుంది, లోపలికి వెళ్తారు, ఇంగ్లీషులో నాలుగు మాటలు జరుగుతాయి, బయటకు వచ్చి గుమాస్తాను అడుగుతారు: ‘ఏమైంది సార్?’ వాయిదా పడింది. తారీఖు చీటీ మీద రాసిస్తాడు.

ఏ కేసులు వస్తాయి ఇక్కడికి? చెక్ బౌన్సులు చాలా వస్తాయి. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట అంగళ్ల ప్రాంతం, చేబదుళ్లు, చిట్టీలు, అప్పు సరుకుతో నడిచే వ్యాపారం. 1989 నుంచి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చెల్లని చెక్కు నేరమైంది. దాంతో సివిల్ తగాదాలు క్రిమినల్ కోర్టుల మీద పడ్డాయి. కుటుంబ న్యాయస్థానంలో విడాకులు, భరణం, పిల్లల కస్టడీ. పిల్లల మీద లైంగిక దాడుల కేసులకు పోక్సో కోర్టు. అన్నిటినీ మించి భూమి.

భూమి కేసు ఒకటి దగ్గరగా చూద్దాం. ఎవరి కేసూ కాదు, ఎందరి కేసో. ఎనభైల్లో ఒక టీచరు ఎల్బీనగర్ చుట్టుపక్కల 200 గజాల ప్లాటు కొంటాడు. అమ్మినవాడు జీపీఏ హోల్డరు, అంటే అసలు పట్టాదారు ఇచ్చిన అధికారపత్రంతో లేఔట్ వేసినవాడు. ఇరవై ఏళ్ల తర్వాత గోడ కట్టబోతే ఒకరు వచ్చి ఈ సర్వే నంబరు మాది అంటారు. దావా పడుతుంది. ఇప్పుడు ఫైలులోకి చేరే కాగితాలు చూడండి: ఉర్దూలో ఉన్న సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తర్వాతి సేసల పహాణీ, 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుకు ఇచ్చిన 38-ఇ సర్టిఫికెట్, అర్బన్ ల్యాండ్ సీలింగు డిక్లరేషను. జాగీర్లు 1949లో రద్దయ్యాయి, సర్ఫెఖాస్ అదే ఏడాది ప్రభుత్వంలో కలిసింది. కాగితాలు మాత్రం ఏ అధికారీ పూర్తిగా సరిచూడకుండా ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. ఉర్దూ సేత్వార్ చదవగలిగే పాత తరం తగ్గిపోతోంది. తర్జుమా చేసే మనిషి ఒక గుంట అటూ ఇటూ రాస్తే ఒక ఇల్లు పోతుంది.

దీనికి పెద్ద తోబుట్టువు సీఎస్ 14 ఆఫ్ 1958. ఖుర్షీద్‌జాహీ పాయెగా వారసుల మధ్య పంపకాల దావా అది. 1955లో సిటీ సివిల్ కోర్టులో మొదలై 1958లో హైకోర్టుకు వచ్చింది. 1963లో ప్రాథమిక డిక్రీ అయింది. ఆ తర్వాత దశాబ్దాల తరబడి అందులోంచి కొత్త దరఖాస్తులు పుడుతూనే వచ్చాయి. హఫీజ్‌పేట వంటి చోట్ల ఆ దావా పేరు చెప్పి కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు, పోరాడినవాళ్లు లెక్కలేనంతమంది. దావా వేసిన తరం గతించింది. వకీళ్లు మారారు, రాష్ట్రం మారింది. దావా మిగిలింది.

ఈ భూముల తగాదాలకు రెవెన్యూ కోర్టులనే ఇంకో గడప ఉండేది. తహసీల్దారు, ఆర్డీఓ, జాయింట్ కలెక్టరు వరుసగా విచారించేవారు. 2019 నవంబరు 4న ఎల్బీనగర్‌కు కాస్త అవతల, అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు కార్యాలయంలోనే ఒక మహిళా తహసీల్దారును సజీవంగా తగలబెట్టారు. కాపాడబోయిన డ్రైవరు, నిప్పు పెట్టినవాడు కూడా తర్వాత చనిపోయారు. దాని వెనక భూమి తగాదానే ఉంది. ఆ దారుణాన్ని ఏ కారణమూ సమర్థించదు. అయినా తగాదా ఎక్కడ తేలాలో తెలియని వ్యవస్థ మనుషులను ఎంత చీకట్లోకి నెడుతుందో చూడకుండా ఉండలేం. 2020లో కొత్త చట్టంతో రెవెన్యూ కోర్టులను రద్దు చేశారు. ధరణి అనే భూరికార్డుల పోర్టల్‌లో పేరు తప్పు పడితే సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. రెండు గుంటల రైతుకు సివిల్ దావా అంటే కోర్టు ఫీజు, వకీలు ఫీజు, ఏళ్ల ఎదురుచూపు. అది తప్పుడు నిర్ణయమని నేను నమ్ముతున్నాను. 2025లో భూభారతి చట్టం అప్పీలు దారిని మళ్లీ తెరిచింది. మూసి ఉన్న ఆ అయిదేళ్ల భారం మాత్రం జిల్లా కోర్టుల మీదే పడింది.

ఇక భాష. 1966 అధికార భాషా చట్టంతో తెలుగు రాష్ట్రానికి అధికార భాష అయింది. హైకోర్టుకు రాజ్యాంగం 348వ అధికరణ ఇంగ్లీషునే నిర్దేశించింది. కింది కోర్టులకు అటువంటి అడ్డు లేదు. ఏ భాషలో నడవాలో రాష్ట్ర ప్రభుత్వమే నిర్ణయించవచ్చు. అయినా ఎల్బీనగర్‌లో సాక్షి తెలుగులో చెబుతాడు, న్యాయమూర్తి దాన్ని ఇంగ్లీషులో రాయిస్తారు, చివర సాక్షి తనకు రాని భాష కింద సంతకం పెడతాడు. ‘ఆయన కోపంతో నెట్టాడు’ అన్నమాట తర్జుమాలో దాడి అవుతుందో తోపులాట అవుతుందో దాన్నిబట్టి సెక్షను మారుతుంది. అడ్డు హైకోర్టులో ఉన్నా కదలిక అక్కడి నుంచే వచ్చింది. 2023 జూన్‌లో జస్టిస్ పి. నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక ధర్మాసనం మచ్చబొల్లారం ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు ఇచ్చింది. కక్షిదారులకు అర్థం కావాలనే ఆ పని చేశారు.

కొత్త హైకోర్టు రాజేంద్రనగర్‌లో పూర్తయ్యాక ఎల్బీనగర్ నుంచి అక్కడికి సాగర్ రింగ్ రోడ్డు, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా వెళ్లాలి. ఆ దూరం వకీళ్లకు ఇబ్బందే గానీ మామూలు మనిషికి అంత ముఖ్యం కాదు, అతని కేసు తేలేది ఎక్కువగా కింది కోర్టులోనే. పాత భవనాన్ని ఏం చేస్తారన్నది నిర్ణయించేటప్పుడు నా కోరిక ఒకటుంది. సేత్వార్లు, ఫైసల్ పట్టీలు, పాత డిక్రీలు, ట్రిబ్యునళ్ల రికార్డులు ఒకచోట చేర్చి, ఉర్దూ చదవగలవాళ్లు ఉండగానే తెలుగులోకి ధ్రువీకరించిన తర్జుమాలు చేయించే కార్యాలయం ఆ గుమ్మటం కింద నడపాలి. ఎల్బీనగర్ మాట కూడా అప్పుడే తేల్చాలి. సాక్షి వాంగ్మూలం తెలుగులోనే నమోదు కావాలి, తీర్పుతో పాటు తెలుగు ప్రతి ఖర్చు లేకుండా ఇవ్వాలి. వీటికి శంకుస్థాపనలు, వంద ఎకరాలు అక్కర్లేదు. ఒక ప్రభుత్వ ఉత్తర్వు, ప్రతి కోర్టు హాలులో తెలుగు టైపింగు వచ్చిన ఒక స్టెనో, తర్జుమాకు జిల్లాకొక విభాగం చాలు.